పాత సీటు కవరు షాపులో వదలకండి: ఎమ్‌జీబీ లోపలి పనిలో నా అనుభవం

డ్రైవర్ సీటు నిన్ననే బిగించాను. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇందులో సగానికి సగం సీట్ల గోలే ఉంటుంది. కారు 1967 ఎమ్‌జీబీ రోడ్‌స్టర్ (రెండు సీట్ల ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు), మార్క్ వన్ అంటే మొదటి రకం. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన బండి. అన్నేళ్లు నడిచిన మోడల్ కావడంతో విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. హైదరాబాద్‌లో దొరకనిది సామాను కాదు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి.

సీట్లు, కార్పెట్ తీయగానే ముందు ఫ్లోర్ చూడాలి. సీట్ల వెనక, కార్పెట్ కింద రెండు 6 వోల్టుల బ్యాటరీలుంటాయి, సిరీస్‌లో కలిపితే 12. యాసిడ్ కారి, బ్యాటరీలుండే తొట్లనీ చుట్టుపక్కల రేకునీ తినేసి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే దిగకపోతే వైర్ బ్రష్ కొట్టి, తుప్పుని ఆపే రస్ట్ కన్వర్టర్ పూసి, ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు వేస్తే చాలు. దిగితే మాత్రం పుట్టీ పెడతామనే వాళ్లని దగ్గరికి రానివ్వకండి. కోసి కొత్త రేకు వెల్డ్ చేయించాల్సిందే. ఈ కారుకి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) లేదు, పైన రేకు టాపు కూడా లేదు. బలమంతా రెండు పక్కలా డోర్ల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలదే, వాటినే సిల్స్ అంటారు. కింద సరైన సపోర్టు పెట్టకుండా సిల్స్ కోస్తే బాడీ నడుము వంగిపోతుంది, ఆ తర్వాత డోర్లు పట్టవు.

కార్పెట్ కింద జనపనార ఫెల్ట్ వెయ్యొద్దు. రోడ్‌స్టర్ అన్నాక నీళ్లు వస్తాయి, ఫెల్ట్ పీల్చుకుని వదలదు. 2 మిల్లీమీటర్ల బ్యూటైల్ షీటు (చప్పుడు, అదురు తగ్గించే రబ్బరు లాంటి పొర), దాని మీద నీళ్లు పీల్చని 5 మిల్లీమీటర్ల ఫోమ్ షీటు. బ్యాటరీల మూత మీద కార్పెట్ అంటించేయకుండా విడి ముక్కగా వదలండి.

బోల్టుల గురించి ఒక్క మాట. ఈ కారులో ఉన్నది అంగుళాల లెక్క, యూఎన్ఎఫ్ అనే సన్న మర. 5/16 అంగుళం బోల్టు పక్కన మెట్రిక్ ఎం8 పెడితే లావు ఒకటే అనిపిస్తుంది, ఒకటి 7.94 మిల్లీమీటర్లు, ఇంకోటి 8, తేడా కంటికి ఆనదు. కానీ మర వేరు: దీనికి అంగుళానికి 24 చుట్లు, దానికి చుట్టు చుట్టుకీ 1.25 మిల్లీమీటర్లు. బిగుతుగా ఉందని పానాతో తోశారంటే లోపల వెల్డ్ చేసి ఉన్న నట్టు మర పోతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో అడిగితే యూఎన్ఎఫ్ దొరుకుతుంది. పాత బోల్టు జేబులో పెట్టుకుని వెళ్లండి, కొట్టు దగ్గరే నట్టు ఎక్కించి చూసుకోండి. సీటు పట్టాల కింద చెక్క పట్టీలుంటాయి, కుళ్లితే టేకుతో చేయించండి.

డ్యాష్‌బోర్డు స్టీలు రేకే, పైన ముడతల నల్ల పెయింట్. విప్పే ముందు తెలియాల్సినవి రెండు. నీళ్ల వేడి చూపించే గేజ్ వైరుతో పనిచేసేది కాదు. దాన్నుంచి ఇంజన్ హెడ్ దాకా సన్నటి రాగి గొట్టం వెళ్తుంది, అది విరిగితే గేజ్ పోయినట్టే. ఇంజన్ వైపు కొసని విప్పి, గొట్టం, గేజ్ కలిపి బయటికి తీయాలి. ఆయిల్ ప్రెషర్ కూడా అదే గేజ్‌లో ఉంటుంది కాబట్టి దాని పైపు కూడా విప్పాలి. రెండోది, మార్క్ వన్ పాజిటివ్ ఎర్త్ బండి, బాడీకి కలిసేది ప్లస్. ఫోన్ చార్జర్ సాకెట్ మామూలు కారుకి బిగించినట్టు బిగిస్తే కరెంటు తలకిందులుగా వెళ్లి చార్జర్ మాడిపోతుంది.

ముడతల పెయింట్‌కి మూడు కోట్లు మందంగా కొట్టాలి. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, ఒకటి ఏటవాలుగా, మధ్యలో ఐదేసి నిమిషాలు. పల్చగా కొడితే ముడతలే రావు. తర్వాత వేడి కావాలి. డ్యాష్‌బోర్డు పట్టే ఓవెన్ ఇంట్లో ఉండదు కదా. మే నెల మధ్యాహ్నం మేడ మీద ఎండ సగం పని చేసిపెడుతుంది, మిగతాది హీట్ గన్. దుమ్ము పడకుండా గాజు పలక అడ్డం పెట్టండి. ముడతలు అన్నిచోట్లా ఒకేలా వచ్చాయి, చూసినవాళ్లు ఫ్యాక్టరీదే అనుకుంటున్నారు.

ఇక సీట్లు. కూర్చునే చోట, వీపు ఆనే చోట తోలు, మధ్యలో నిలువు గీతల కుట్టు, అంచుల్లో వేరే రంగు పైపింగ్ (కుట్టు వెంబడి తాడులా ఉబ్బి కనిపించే సన్న పట్టీ). అడుగున స్ప్రింగులుండవు. ఫ్రేముకి అడ్డంగా రబ్బరు వార్లుంటాయి, బరువు మోసేది అవే. వాటి మీద పల్చటి ఫోమ్.

నేను వెళ్లిన షాపు పేరు రాయను. మిషన్లు బాగున్నాయి, టీ కూడా ఇచ్చారు. గీతల డిజైన్ మారకూడదు, పాత కవరు వాపసు కావాలి అని కాగితం మీద రాసిచ్చాను. వెళ్లి చూస్తే సీటు మీద డైమండ్ కుట్టు! ఇదేంటంటే, "ఆ గీతలు ఆటో సీటు లెక్క కొడ్తున్నయి సార్, ఇప్పుడందరు డైమండే ఏపిచ్చుకుంటున్రు" అన్నాడు. పాత కవరేది అంటే, "చినిగిపోయింది గదా, చెత్త బండిల ఏసినం." నేను గొంతు పెంచాను. పక్కన కొత్త ఎస్‌యూవీకి కవర్లు వేయించుకుంటున్నవాళ్లు తిరిగి చూశారు. "పాత తోలుకింత లొల్లా సార్" అని ఒకడు నవ్వాడు. సీటు డిక్కీలో పట్టకపోతే పక్క సీట్లో పెట్టుకుని వచ్చేశాను.

ఆ నవ్విన వాళ్లకి తెలియందేంటంటే, ఆ చిరిగిన తోలే సీటుకి డ్రాయింగు. వంపులు, ఎక్కడ ఎంత లాగాలి, పైపింగ్ ఎక్కడ తిరగాలి, అన్నీ దాన్లోనే ఉన్నాయి. ఇంటికొచ్చి విప్పి చూస్తే అసలు సంగతి బయటపడింది. రబ్బరు వార్లు పీకేసి ప్లైవుడ్ ముక్క కొట్టారు. దాని మీద వెనకాముందూ ఒకే మందంలో ఫోమ్ దిమ్మ. అసలైన ఫోమ్ ముందు ఎత్తుగా, వెనక పల్చగా ఉంటుంది, మనిషి అందులోకి దిగి కూర్చుంటాడు. వీళ్ల దిమ్మ మీద కూర్చుంటే తొడలు స్టీరింగ్‌కి తగులుతున్నాయి, హుడ్ (మడిచే గుడ్డ టాపు) వేస్తే తల దానికి తగులుతోంది. "కూసుంటుంటే అణుగుతది" అన్నారు. ప్లైవుడ్ అణగదు కదా! పైగా అడుగున సాగేది లేకపోతే ప్రతి గుంతా నేరుగా నడుముకే.

పక్క సీటు వాళ్లకి ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాను. దాని కవరు విప్పి, ఆ కొలతలే తిరగేసి డ్రైవర్ సీటుకి వాడుకోవచ్చు. విప్పే ముందు ప్రతి కుట్టు మీదుగా రెండు అంగుళాలకొక అడ్డగీత గీయండి, ముక్కలకి నంబర్లు వేయండి. తర్వాత కుట్టుని లాగి చించకుండా బ్లేడుతో దారం మాత్రమే తెంపండి. ఇస్త్రీ పెట్టొద్దు, పాత తోలు వేడికి ముడుచుకుపోతుంది. బరువు పెట్టి చదును చేసి, బ్రౌన్ పేపర్ మీద గీసుకోండి. కుట్టు కోసం అర అంగుళం వదలాలి. పాత తోలు కొంత బిగిసి ఉంటుంది కాబట్టి ఇంకో 3 మిల్లీమీటర్లు కలుపుకోండి. మొదట చవక రెగ్జిన్‌తో కుట్టి తొడిగి చూడాలి. తోలుకి సూది పడితే ఆ కన్నం పూడదు, అందుకే గుండుసూదులు కూడా వద్దు, క్లిప్పులు వాడాలి.

తోలు తమిళనాడులోని ఆంబూరు, రాణిపేట వైపు నుంచి వస్తుంది. క్రోమ్ టానింగ్ (క్రోమియం లవణాలతో పదును చేసిన తోలు), 1 నుంచి 1.2 మిల్లీమీటర్ల మందం అడగండి. జాకెట్ల తోలు అంటగట్టాలని చూస్తారు, అది 0.7 చుట్టూ ఉంటుంది, ఒక్క వేసవికే సాగి సంచిలా వేలాడుతుంది. రెండు సీట్లకి వేస్టేజీతో కలిపి 50 చదరపు అడుగులు పెట్టుకోండి. కూర్చునే ముక్కలు వెన్ను భాగం నుంచి కోయాలి, పొట్ట భాగం సాగుతుంది.

గీతల ముక్క వెనక గుడ్డ ఉన్న 6 మిల్లీమీటర్ల ఫోమ్ పెట్టి కుట్టాలి. ప్రతి గీతా కాస్త తోలు మింగుతుంది. అందుకే పెద్దగా కోసి, గీతలన్నీ కుట్టాకే పేపర్ పెట్టి సైజు చేయాలి. ముందే సైజుకి కోస్తే ముక్క చిన్నదైపోతుంది. దారం బాండెడ్ పాలియెస్టర్ (పురి విడిపోకుండా అతికించిన రకం), 18 నంబరు సూది, అంగుళానికి ఆరు కుట్లు. ఎక్కువ వేస్తే గట్టిదనం అనుకుంటారు గానీ, స్టాంపుల షీటులా కన్నాల వెంబడే చిరుగుతుంది.

కుట్టింది చివరికి పాతబస్తీలో బస్సు సీట్లు కుట్టే ఉస్తాద్. ఎమ్‌జీబీ ఆయన ఎన్నడూ చూళ్లేదు. పేపర్ కటింగ్ తిరగేసి మరగేసి చూసి, అడిగింది ఒక్కటే: ఫోమ్ మందం ముందెంత, వెనకెంత?

రబ్బరు వార్లు ఇంగ్లండ్ నుంచి తెప్పించాను, వాటికి ఇక్కడ బదులు లేదు. సొంత పొడవు కన్నా పదో వంతు సాగేలా బిగించాలి. ఫోమ్ అడుక్కి 40 డెన్సిటీ, వీపుకి 32, కవరు కన్నా అర అంగుళం పెద్దది. ఫోమ్ మీద పల్చటి పాలిథీన్ కప్పితే తోలు జారుతూ ఎక్కుతుంది. కవరుని అరగంట ఎండలో పెట్టి, వేడిగా ఉన్నప్పుడే మూలలు ముందు పట్టించి, తర్వాత అంచులు లాగాలి. జిగురు వేడి తట్టుకునే రకమే కొనండి. మామూలుది మే నెలలో మూసిన కారులో కరిగి అంచులు ఊడొస్తాయి.

పేపర్ కటింగ్ సెట్టు చుట్టి పెట్టాను. మార్క్ వన్ సీట్లున్నవాళ్లు ఎవరైనా వచ్చి ట్రేస్ చేసుకోవచ్చు. షాపులకి మాత్రం ఇచ్చేది లేదు.