బోనులో బీవర్ ఉన్నంతసేపూ

బీవర్ అంటే నీళ్లలో తిరుగుతూ, వాగులకు అడ్డంగా కట్టలు కట్టే పెద్ద ఎలుకజాతి జంతువు. ఉత్తర అమెరికా బీవర్లను ప్రాణాలతో పట్టి, గుర్తు వేసి వదిలే ఫీల్డ్ స్టడీలో పనిచేశాను. వన్యప్రాణి శాఖ పర్మిట్, యూనివర్సిటీ జంతు సంరక్షణ కమిటీ అనుమతి చేతికొచ్చాకే బోనులు బయటికి తీశాం.

మావి హాన్‌కాక్ బోనులు. మూసుకుంటే అచ్చం ఇనుపజాలీ సూట్‌కేసులా ఉంటాయి. స్ప్రింగులు చాలా గట్టివి, అందుకే సేఫ్టీ కొక్కెం తీయడం చిట్టచివరి పని. బీవర్ గట్టెక్కే దారి వెతకడం కష్టం కాదు, బురద రాసుకుని నున్నగా మెరుస్తుంటుంది. పక్కనే చిన్న మట్టికుప్ప చేసి, మరో బీవర్ కాస్టోరియం, అంటే హద్దులు గుర్తుపెట్టడానికి అది వదిలే వాసన ద్రవం, పూస్తాం. తన హద్దుల్లోకి ఎవరొచ్చారో చూడటానికి అక్కడి బీవర్ తప్పకుండా వస్తుంది.

బోను ఉండేది నీటి అంచున కాబట్టి, అసలు టెన్షనంతా నీటిమట్టంతోనే. బోను మూసుకున్నాక జంతువు తల నీళ్లపైనే ఉండాలి. రాత్రి వాన పడినా, దిగువన బీవర్లు తమ కట్టను ఇంకాస్త లేపినా నీళ్లు పెరుగుతాయి. వాన వచ్చేలా ఉంటే బోను పెట్టకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. సాయంత్రం పెట్టి, తెల్లవారకముందే వెళ్లి చూసేవాళ్లం.

పడిన బీవర్‌ను నెమ్మదిగా గోనెసంచిలోకి మళ్లిస్తాం. కళ్లకు చీకటి కాగానే పెనుగులాట తగ్గుతుంది. సంచి మీద చెయ్యి వేస్తే ఊపిరి తెలుస్తుంది. పెద్దవి ఇరవై కిలోలు దాటుతాయి. ముందుపళ్లు నారింజరంగులో ఉంటాయి, ఎనామిల్‌లో ఇనుము ఉండటం వల్ల. పైకి చూస్తే ఆడో మగో తెలియదు. తోక మొదట్లో ఉండే గ్రంథిని మెల్లగా నొక్కితే వచ్చే ద్రవం గోధుమరంగులో చిక్కగా ఉంటే మగ, తెల్లగా పల్చగా ఉంటే ఆడ. ఇలా తేల్చడం మొదటిసారి చూసినప్పుడు ఎంత సంబరపడ్డానో! తర్వాత బరువు, తోక కొలతలు, చెవికి ట్యాగు, చర్మం కింద మైక్రోచిప్. తోకలోనే కొవ్వు దాచుకుంటుంది కాబట్టి, దాని మందాన్ని బట్టి ఒంట్లో సత్తువ ఎంతుందో అంచనా వేయొచ్చు.

ఒకసారి పాలిచ్చే తల్లి పడింది. చనుమొనలు ఉబ్బి ఉన్నాయి. పిల్లలు గూట్లో ఎదురుచూస్తుంటాయి. చిప్ వేసి, బరువు మాత్రం చూసి, పట్టిన చోటే వదిలేశాం. తోక కొలతలు లేకపోతే ఎలా అని టీమ్‌లో ఒకరు అడిగారు. డేటా షీట్‌లో ఆ గడులు ఖాళీగానే పంపిద్దామన్నాను, అలాగే పంపాం.