గట్టున వేసిన కలుపు

“ఇంకెప్పుడూ ఇలా చేయకు” అని మాత్రమే మా యజమానురాలు అన్నది. గొంతు పెంచలేదు, ఎందుకు చేశావని అడగలేదు. నేను కంచె పక్కన పోగు వేసిన రాగ్‌వర్ట్ మొక్కల ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రాలిన ఆకులతో సహా ఏరి సంచిలో వేయడం మొదలుపెట్టింది. కంచెకు అవతల గోధుమరంగు ఆడగుర్రం ఒకటి మెడ చాచి నిలబడి ఉంది.

ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో, డబ్బు తీసుకుని ఇతరుల గుర్రాలను చూసుకునే ఒక యార్డులో నాకిది రెండో వేసవి. రాగ్‌వర్ట్ కూడా మన వయ్యారిభామ, చామంతి ఉన్న కుటుంబానికే చెందిన కలుపు మొక్క. మొదటి ఏడు నేలకు అంటుకున్న ఆకుల గుత్తిగా ఉండి, రెండో ఏడు నిలువునా లేచి జూలై నుంచి పసుపుపచ్చగా పూస్తుంది. అందులోని పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు అనే విషాలు గుర్రం కాలేయాన్ని మెల్లమెల్లగా దెబ్బతీస్తాయి. ఈ నెల నాలుగు ఆకులు, వచ్చే నెల నాలుగు ఆకులు తిన్నా ఆ నష్టం ఒకదానిపై ఒకటి పేరుకుంటూనే పోతుంది. ఇక్కడివాళ్ళు దీని కోసం 2003లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేసుకున్నారు.

పని రాక నేను మాట పడలేదు. ముందు రోజు వాన పడి నేల మెత్తబడిందని చూసుకున్నాను, గుర్రాలను పక్క మడికి మార్చాను, చేతులకు మందపాటి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకున్నాను. కాలితో తొక్కి దించే పొడవాటి ఫోర్కును మొదలు పక్కన గుచ్చి, పీచువేళ్ళు తెగకుండా మొక్కను పెకలించాను, ఎందుకంటే మట్టిలో తెగి మిగిలిన ముక్క మళ్ళీ మొలుస్తుంది. కొన్ని మొక్కల మీద నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగులు పాకుతున్నాయి. ఇంత విషాన్ని అవి హాయిగా తిని బతుకుతాయట. సాయంత్రానికి మడి శుభ్రమైంది. పెకలించిన మొక్కలన్నిటినీ కంచె పక్కన పోగు వేసి ఇంటికి వెళ్ళాను. మరునాడు మధ్యాహ్నం ఎండకు వడలిన ఆ పోగు దగ్గరే ఆమె నన్ను పిలిచింది.

అక్కడ ఎందుకు వేశానో ఆమెకు చెప్పలేకపోయాను కనుక ఇక్కడ చెబుతున్నాను. మాది కర్నూలు జిల్లా. మాకు పీకిన కలుపు గట్టున పడవలసిందే, ఎండకు మాడవలసిందే. అంతకన్నా పెద్ద కారణం జొన్న. లేత జొన్న, అందులోనూ వానల్లేక వాడిన పైరు మేసిన పశువు చూస్తుండగానే కూలిపోతుందని మాకు చిన్నప్పుడే తెలుసు. అదే పైరును కోసి బాగా ఎండబెడితే అందులోని సైనైడు విషం చాలావరకు పోతుంది. ఎండ విషాన్ని విరిచేస్తుందన్నది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు, మా దొడ్లో నేర్చుకున్నది.

రాగ్‌వర్ట్ విషయంలో ఆ లెక్క తలకిందులని రుమేనియా నుంచి వచ్చిన నా తోటి పనివాడు ఆ రాత్రి టీ తాగుతూ చెప్పాడు. పచ్చి మొక్క చేదు కనుక, మేయడానికి గడ్డి ఉన్నంతవరకు గుర్రం సాధారణంగా దాని జోలికి పోదు. వడలితే చేదు తగ్గుతుంది, విషం మాత్రం అలాగే ఉంటుంది. ఎండుగడ్డిలో కలిసిందంటే గుర్రం దాన్ని వేరు చేసి వదిలేయలేదు. అంటే నిలబడి ఉన్న మొక్క కంటే నేను పెకలించి వదిలేసిన మొక్కే ప్రమాదం. అందుకే పెకలించినదాన్ని అప్పటికప్పుడే సంచుల్లో కుక్కి, మూతి కట్టి, మడి నుంచి దూరంగా తీసుకుపోవాలట. పూత మీద ఉన్న మొక్క పెకలించాక కూడా విత్తనం కట్టగలదు.

ఈ మాటలు ఆమే చెప్పి ఉండవచ్చు. మా ఊళ్ళో అయితే “బుద్ధుందా నీకు, ఇక్కడెందుకేసినావు?” అని కేకలు పడేవి. అది తిట్టే అయినా, అందులో ఒక ప్రశ్న ఉంది. నేను జొన్న సంగతి చెప్పేవాణ్ణి, అవతలివారు రాగ్‌వర్ట్ సంగతి చెప్పేవారు, ఆ గొడవలోనే ఇద్దరికీ తెలియనిది తెలిసేది. ఇక్కడి మర్యాదలో నాకు మాట్లాడే సందు దొరకదు. మెత్తగా ఒక వాక్యం అని ఊరుకుంటారు, ఆ వాక్యం ముందు మనం ఏమీ తెలియనివాళ్ళలా మిగిలిపోతాం. అయితే చీకటి పడేదాకా నాతో సమానంగా నేల మీద కూర్చుని ఆకులు ఏరింది కూడా ఆమే. మా వైపు ఏ ఆసామి ఇల్లాలూ జీతగాడి తప్పును అలా మోకాళ్ళ మీద కూర్చుని దిద్దగా నేను చూడలేదు. ఈ రెంటినీ కలిపి ఆమెను ఎలా అర్థం చేసుకోవాలో నాకు ఇంకా తోచలేదు.

ఆదివారం ఫోనులో మా నాయనకు ఇదంతా చెప్పాను. ఆయన నా తప్పొప్పుల జోలికే పోలేదు. “ఇంతకీ గుర్రం తినిందా?” అని అడిగాడు.

తిన్నదో లేదో నేను చూడలేదు. ఒక్క పూట తిన్నంత మాత్రాన ఏమీ కాకపోవచ్చు. కానీ బరువు తగ్గడం, కళ్ళు పచ్చబడటం వంటి గుర్తులు కాలేయం చాలా భాగం పాడయ్యాక గానీ బయటపడవు. ఇప్పుడు చూసి లాభం లేదని తెలిసినా, రోజూ పొద్దున దాణా పెట్టేటప్పుడు దాని పెదవి ఎత్తి చిగుళ్ళ రంగు చూస్తున్నాను.