గొంతులో ట్యూబ్ ఉన్న పిల్లాడు, థేమ్స్ నది

పోయిన శీతాకాలం మా వార్డులో ఒక పెద్దాయన ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి. రిటైరయ్యేదాకా లండన్‌లో బస్సు నడిపారట. గొంతు ఆపరేషన్ అయి ట్రెకియాస్టమీ ట్యూబ్ (ఊపిరి ఆడటానికి మెడకి రంధ్రం చేసి పెట్టే గొట్టం) పెట్టారు కాబట్టి మాట రాదు. ఏం కావాలన్నా చిన్న తెల్లబోర్డు మీద మార్కర్‌తో రాసేవారు. నీళ్లు, నొప్పి, దిండు, టైం ఎంత. ఒకరోజు నైట్ డ్యూటీలో సక్షన్ చేసి, అంటే ట్యూబ్‌లో కఫం లాగేసి, దిండు సర్దుతుంటే, బోర్డు మీద ‘వాటర్లూ సన్‌సెట్’ అని రాసి నా ఫోన్ వైపు వేలు చూపించారు. అది పాట పేరని తెలియడానికి నాకు కాస్త సేపు పట్టింది. సౌండ్ బాగా తగ్గించి ఆయన చెవి దగ్గర పెట్టాను. మూడు నిమిషాల పాట. కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక బోర్డు తుడిచి, ‘పాడినవాడికీ చిన్నప్పుడు ఇదే’ అని రాసి, తన మెడ దగ్గర ట్యూబ్‌ని తాకి చూపించారు.

ఆ పాట రాసి పాడింది రే డేవిస్, కింక్స్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ గాయకుడు. ఆరోజు పొద్దున ఇంటికెళ్లి నిద్రపోకుండా ఆయన గురించి చదువుతూ కూర్చున్నాను. ఏడాది కావస్తోంది, ఇంకా ఆ పాటల్లోనే ఉన్నాను.

రే డేవిస్ 1944 జూన్ 21న ఉత్తర లండన్‌లో, మజ్వెల్ హిల్ పక్కన ఫోర్టిస్ గ్రీన్‌లో పుట్టాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఏడోవాడు. పైన ఆరుగురూ అక్కలే, కింద తమ్ముడు డేవ్. ముందు గదిలో పియానో ఉండేది. వారాంతం వస్తే ఇల్లంతా చుట్టాలూ పాటలూ. అంతమంది మధ్య ఈ పిల్లాడు మాత్రం ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

ఆ అక్కల్లో ఒకావిడ రీనీ. చిన్నప్పుడు వచ్చిన జబ్బు వల్ల ఆవిడ గుండె బలహీనం. పెళ్లయి కెనడా వెళ్లి, అక్కడ సుఖం లేక పుట్టింటికి వచ్చేసింది. తమ్ముడి పదమూడో పుట్టినరోజుకి, 1957 జూన్‌లో, వాడు ఎన్నాళ్లుగానో అడుగుతున్న స్పానిష్ గిటార్ కొనిచ్చింది. ఆ సాయంత్రమే లైసియం బాల్‌రూంలో డాన్సుకి వెళ్లింది. డాన్స్ చేస్తూ చేస్తూ పడిపోయి, అక్కడే ప్రాణం పోయింది. గిటార్ తమ్ముడి చేతిలో ఉండిపోయింది. పాతికేళ్ల తర్వాత, 1982లో, రీనీని తలుచుకుంటూ ఆయన ‘కమ్ డాన్సింగ్’ రాశాడు. డాన్స్ హాళ్లు కూలగొట్టి కార్ పార్కులు కట్టేశారని చెప్పే పాట. ట్యూన్ హుషారుగా ఉంటుంది. ఎవరి గురించి రాశాడో తెలిశాక ఆ హుషారే నాకు కళ్లనీళ్లు తెప్పిస్తుంది.

మా పెద్దాయన చెప్పింది నిజమే. చిన్నతనంలో రేకి జబ్బు చేసి సెయింట్ థామస్ హాస్పిటల్లో చేర్చారు. గొంతుకి రంధ్రం పెట్టి ట్యూబ్ వేశారు. చావు అంచు దాకా వెళ్లొచ్చాడు. అప్పుడు నర్సులు అతణ్ణి బాల్కనీలోకి తోసుకెళ్లి, ఎదురుగా ఉన్న థేమ్స్ నదిని చూపించేవారు. ఈ సంగతి ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు. చదివిన ప్రతిసారీ నేను ఆ నర్సుల దగ్గరే ఆగిపోతాను. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు. సక్షన్ మెషీన్లూ మంచాలూ పైపులూ సర్దుకుని పేషెంట్‌ని బయటికి తీసుకెళ్లడం ఎంత పనో నాకు తెలుసు. 1950ల్లో ఇంకెంత కష్టమో. అయినా తీసుకెళ్లారు, నది చూపించారు.

బ్యాండ్ కథ తొందరగా చెప్పేస్తాను. 1964లో ‘యు రియల్లీ గాట్ మీ’ బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. ఆ పాటలో గిటార్ బొంగురుగా గర్జిస్తుంది కదా, అది బ్యాండ్‌లో గిటార్ వాయించే తమ్ముడు డేవ్ పని. చిన్న యాంప్లిఫయర్ స్పీకర్‌ని బ్లేడుతో కోసేశాడు. చిరిగిన స్పీకర్ నుంచి వచ్చిన ఆ శబ్దం వెనకే హార్డ్ రాక్ ఎంతో దూరం నడిచింది. అన్నదమ్ములు స్టేజి మీదే కొట్టుకునేవాళ్లు. 1965 నుంచి 1969 దాకా బ్యాండ్‌ని అమెరికాలో కచేరీలు చేయనివ్వలేదు. నాకైతే ఆ నిషేధమే మేలు చేసిందనిపిస్తుంది. తోటి బ్యాండ్లు అమెరికా వైపు చూస్తున్నప్పుడు, రే తన వీధిలోని టీ కొట్లూ పెరటి తోటలూ పన్నులు కట్టలేని పెద్దమనుషులూ ఊరి పచ్చికబయళ్ల గురించి రాశాడు.

నేను ఎక్కువసార్లు విన్నది మాత్రం ‘సీ మై ఫ్రెండ్స్’. 1965 జనవరిలో కింక్స్ ఆస్ట్రేలియా టూర్‌కి వెళ్తూ బొంబాయిలో ఆగారు. తెల్లవారుజామున రేకి సముద్రం ఒడ్డున వేటకి వెళ్తున్న జాలర్ల పాట వినిపించింది. లండన్ తిరిగొచ్చాక, ఆ జూలైలో ఈ పాట బయటికొచ్చింది. సితార్ లేదు, తబలా లేదు. గిటార్ తీగలే తంబురాలా ఒకే శ్రుతి పట్టుకుని మోగుతుంటాయి, పైన గొంతు సాగుతూ పోతుంది. బీటిల్స్ పాటలో సితార్ వినిపించడానికి ఇంకా కొన్ని నెలలు ఉంది. పాటలో స్నేహితులు నదికి అవతల ఆడుకుంటుంటారు, తన మనిషి వెళ్లిపోయింది, ఇతను ఇవతల నిలబడి చూస్తుంటాడు. ఆ వెళ్లిపోయిన మనిషి రీనీయేనని తర్వాతెప్పుడో చెప్పాడు.

నేను పుట్టింది కాకినాడ దగ్గర. ఉప్పాడ ఒడ్డున అలివి వల లాగేవాళ్ల ‘ఐలెస్సా’ వింటూ పెరిగాను. మా అక్కకి ఏమీ చెప్పకుండా ‘సీ మై ఫ్రెండ్స్’ వాట్సాప్‌లో పంపాను. రాత్రి ఫోన్ చేసి, “ఇదేం పాటే, పనిచేస్తూ పనిచేస్తూ ఏడుస్తున్నట్టుంది” అంది. ఒక్క ఇంగ్లీషు ముక్క కూడా పట్టించుకోకుండా అన్న మాట అది.

‘వాటర్లూ సన్‌సెట్’ 1967 మేలో వచ్చింది. మొదట్లో అది లివర్‌పూల్ గురించి అనుకున్నాడట, తర్వాత తన నది దగ్గరికే వచ్చాడు. రికార్డింగ్ చేస్తున్నప్పుడు మాటలు చివరిదాకా బ్యాండ్ వాళ్లకి కూడా చూపించలేదు, డైరీ దాచుకున్నట్టు. వెనక సన్నగా వినిపించే ఆడగొంతు అప్పటి ఆయన భార్యది, ఆవిడ పేరు రాసా. కిటికీ దగ్గర ఒకడు కూర్చుని ఉంటాడు. కింద, లండన్‌లో థేమ్స్ దగ్గరున్న వాటర్లూ స్టేషన్లో జనం ఈగల్లా ముసురుతుంటారు. టెర్రీ, జూలీ అని ఇద్దరు శుక్రవారం రాత్రుళ్లు అక్కడ కలుసుకుని నది దాటిపోతారు. వాళ్లు సినిమా తారలని చాలామంది అనుకున్నారు. ఆయన మాత్రం, అక్క ఒకావిడ ప్రేమించినవాడితో కొత్త దేశానికి వెళ్లిపోవడాన్ని ఊహించుకున్నానని చెప్పాడు. రోజీ అనే అక్క నిజంగానే 1964లో ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడింది. ఆవిడ కొడుకు పేరు టెర్రీ.

కిటికీ దగ్గరున్న మనిషిని ఒంటరివాడని, పాపమని రాస్తుంటారు. నేను ఒప్పుకోను. అతను వాళ్లని చూసి కుళ్లుకోడు, కిందికి దిగాలని కూడా అనుకోడు. వాళ్లు క్షేమంగా నది దాటితే చాలు అతనికి. మాట రాని పేషెంట్లు కిటికీలోంచి బయటికి చూసే చూపు అచ్చం అలాగే ఉంటుంది. కింద ఎవరో గొడుగు తెరుచుకోలేక అవస్థ పడుతుంటే మా పెద్దాయన అది తెరుచుకునేదాకా చూసి, అప్పుడు తల తిప్పుకునేవారు.

మా వార్డు నుంచి నది కనపడదు. కార్ పార్క్, దాని వెనక రైలు పట్టాలు కనిపిస్తాయి. ఆయన డిశ్చార్జ్ అయి వెళ్లాక, కిటికీ పక్క మంచం ఖాళీ అయినప్పుడల్లా ట్యూబ్ ఉన్న పేషెంట్‌ని అక్కడికి మార్చమని ఇన్‌చార్జిని అడుగుతున్నాను. ఇప్పుడు అక్కడ పంతొమ్మిదేళ్ల అబ్బాయి ఉన్నాడు. నిన్న బోర్డు మీద గీతలు గీస్తుంటే ఏంటని అడిగాను. పొద్దుటి నుంచి ఎన్ని రైళ్లు వెళ్లాయో లెక్క రాస్తున్నాడు.