గేట్ డ్రైవ్ సప్లైతోనే కరెంట్ సెన్సర్‌ను నడిపించాను: నా అనుభవం

మూడు ఫేజుల మోటార్ డ్రైవ్ ఒకటి తయారు చేస్తున్నాను. రెండు ఫేజుల్లో 5 మిల్లీఓంల షంట్ (కరెంటు కొలవడానికి దారిలో పెట్టే చిన్న రెసిస్టర్) పెట్టి, దాని మీది వోల్టేజీని ఐజోలేటెడ్ యాంప్లిఫయర్‌తో (రెండు వైపులకూ నేరు విద్యుత్ సంబంధం లేకుండా సిగ్నల్‌ను దాటించేది) చదవాలనుకున్నాను. ఎంచుకున్న చిప్ ఏఎంసీ1301: ఇన్‌పుట్ అటూ ఇటూ 250 మిల్లీవోల్టులు, గెయిన్ 8.2. కంట్రోలర్ వైపు సప్లైకి లోటు లేదు. షంట్ వైపు 5 వోల్టులు ఎక్కడినుంచి తేవాలన్నదే చిక్కు. ఆ వైపు గ్రౌండ్ ఫేజుతో పాటు సున్నాకూ బస్ వోల్టేజీకీ (డ్రైవ్‌కు వచ్చే ప్రధాన డీసీ సప్లై) మధ్య సెకనుకు వేలసార్లు ఎగిరిపడుతుంది.

అక్కడే పై ఐజీబీటీని (ఫేజును బస్‌కు కలిపే పవర్ స్విచ్) ఆన్-ఆఫ్ చేసే గేట్ డ్రైవర్‌కు, ఫేజుతో పాటే ఎగిరే 15 వోల్టుల ఫ్లోటింగ్ సప్లై ఎలాగూ ఉంది. దాని గ్రౌండ్ ఎమిటర్. షంట్ ఒక కొస కలిసేదీ ఎమిటర్‌కే. 1 కిలోఓం రెసిస్టర్, వోల్టేజీని 5.1 దగ్గర నిలిపే జెనర్ డయోడ్ పెట్టి పని అయిపోయిందనుకున్నాను.

లెక్క తర్వాత వేశాను, ముందే వేయాల్సింది. గేట్ ఛార్జ్ 150 నానోకూలంబులు, 15 వోల్టులు, 20 కిలోహెర్ట్జ్ గుణిస్తే గేట్ తీసుకునేది 45 మిల్లీవాట్లు. జెనర్ దారి లాగే 10 మిల్లీఆంపియర్లకు 150 మిల్లీవాట్లు. ఇంటి యజమాని కన్నా అద్దెకొచ్చినవాడికే ఎక్కువ చోటు! పైగా నాది బూట్‌స్ట్రాప్ సప్లై, అంటే కెపాసిటర్‌లో దాచుకున్న ఛార్జ్‌తో నడిచేది. కింది స్విచ్ ఆన్ అయినప్పుడే 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ నిండుతుంది. డ్యూటీ (పై స్విచ్ ఆన్‌లో ఉండే వాటా) 100 శాతానికి చేరి కింది స్విచ్ ఆఫ్‌లోనే ఉండిపోతే సప్లై మిల్లీసెకనుకు దాదాపు 1 వోల్టు చొప్పున పడిపోయి, గేట్ డ్రైవర్ తనంతట తానే ఆగిపోయింది.

బూట్‌స్ట్రాప్ తీసేసి, ఫేజుకొక 1 వాట్ ఐజోలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూల్ పెట్టాను. రెగ్యులేషన్ లేని ఇలాంటి మాడ్యూళ్ల వోల్టేజీ లోడ్ మరీ తక్కువైతే పైకి ఎగబాకుతుంది. చిప్ తినే కరెంటు ఈసారి అక్కరకొచ్చింది.

అసలు తలనొప్పి అప్పుడు మొదలైంది. ప్రతి స్విచింగ్‌కూ రీడింగ్‌లో ముల్లులాంటి స్పైక్. ఫేజు వోల్టేజీ ఎగురుడు వల్లనే అనుకుని ఇన్‌పుట్ ఫిల్టర్ మీద రెండు రోజులు వృథా చేశాను. చివరికి బస్ వోల్టేజీ తీసేసి, గేట్లను మాత్రమే ఆడించి చూశాను. షంట్‌లో కరెంటు సున్నా, ఫేజు కదలడం లేదు, స్పైకులు మాత్రం అలాగే ఉన్నాయి. దొంగ దొరికాడు: గేట్ కరెంటు. నేను చిప్ గ్రౌండ్‌ను గేట్ డ్రైవర్ రిటర్న్ ట్రాక్ మధ్యలో తగిలించాను. 2 ఆంపియర్లు 20 నానోసెకన్లలో లేస్తే, 10 నానోహెన్రీల ట్రాక్ మీద 1 వోల్టు పుడుతుంది. నేను కొలిచే సిగ్నల్ మొత్తమే పావు వోల్టు.

ట్రాక్ కోసి, చిప్ గ్రౌండ్‌ను నేరుగా షంట్ కొసకే కలిపాను. స్పైకులు పోయాయి. కానీ మోటార్‌పై లోడ్ పెంచేకొద్దీ రీడింగ్ మూడు నాలుగు శాతం తప్పడం మొదలైంది. ఎమిటర్‌కూ షంట్‌కూ మధ్య ఉన్న మందపాటి రాగికి సమాంతరంగా, సప్లై రిటర్న్ రూపంలో ఒక సన్నని దారి ఏర్పడింది. అసలు కరెంటులో కొంత భాగం దాని గుండా పోతోంది. చిప్ నెగటివ్ ఇన్‌పుట్ కూడా అదే ట్రాక్ మీద ఉండటంతో, ఆ వోల్టేజీ కొలతలో కలిసిపోయింది. ఇన్‌పుట్‌కు షంట్ నుంచి విడిగా తీగ లాగాను. సప్లై రిటర్న్‌లో 10 ఓంల రెసిస్టర్ పెట్టాను. చిప్, జెనర్ కలిసి లాగే 10 మిల్లీఆంపియర్లకు దాని మీద పోయేది 0.1 వోల్టే, ఆ దొంగదారి మాత్రం మూసుకుపోయింది. చిప్ కాళ్ల దగ్గర 100 నానోఫారడ్, 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్లు చేర్చాను.

ఒక మాట: ఫేజు వైపు వోల్టేజీలు చూడటానికి మామూలు ప్రోబ్ గ్రౌండ్ క్లిప్ అక్కడ తగిలించకండి, డిఫరెన్షియల్ ప్రోబ్ తప్పనిసరి.

రెండో బోర్డులో ఆ 10 ఓంల రెసిస్టర్‌కు మొదటినుంచే చోటిచ్చాను. మొదటి బోర్డులో అది ట్రాక్ కోసిన చోట ఇప్పటికీ వంకరగా నిలబడి ఉంది. పని చేస్తోంది కదా అని కదిలించలేదు.