నల్గొండ బోరు నీళ్లకు సాఫ్ట్‌నర్: ముందు పైపులు, తర్వాతే మెషిన్

నవంబర్: కొలతలు

ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చింది. మా బోరు నీళ్ల కాఠిన్యం, అంటే వాటిలో కరిగిన క్యాల్షియం, మెగ్నీషియంల మోతాదు, లీటరుకు 640 మిల్లీగ్రాములు. తాగే నీళ్లకు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన హద్దు 200. వేరే దిక్కు లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మావి ఆ రెండో గీత కూడా దాటాయి. ఫ్లోరైడ్ 1.8 ఉంది, దానికి ఆఖరి హద్దు 1.5.

ఈ జిల్లాలో సాఫ్ట్‌నర్ కొనేవాళ్లు ఈ రెండు అంకెల్నీ విడివిడిగా చూడాలి. సాఫ్ట్‌నర్‌లోని రెసిన్ (సన్నని ప్లాస్టిక్ పూసలు) క్యాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని బదులుగా సోడియం వదులుతుంది. రెసిన్ నిండిపోయాక ఉప్పు నీళ్లు పోసి మళ్లీ పనికొచ్చేలా చేయాలి, దాన్నే రీజనరేషన్ అంటారు. ఫ్లోరైడ్ జోలికే పోదు. నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి 1970లలో పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి తయారుచేసి దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టింది. ఆ పని వేరు, ఈ పని వేరు. పైగా 640 కాఠిన్యాన్ని పూర్తిగా తీస్తే లీటరుకు 290 మిల్లీగ్రాముల పైన సోడియం వచ్చి చేరుతుంది. మా అమ్మకు బీపీ ఉంది. కాబట్టి సాఫ్ట్‌నర్ నీళ్లు వంటకూ తాగడానికీ వాడకూడదని మొదటి రోజే నిర్ణయించుకున్నాం. తాగడానికి మున్సిపల్ కృష్ణా నీళ్లు, వాటికి వేరే లైను.

డిసెంబర్: సైజు లెక్క

స్నానాలకు, వాషింగ్ మెషిన్‌కు, గిన్నెలకు కలిపి మాకు రోజుకు 700 లీటర్లు కావాలి. మొక్కలకు, ఫ్లష్‌కు, వాకిలి కడగడానికి బోరు నీళ్లే చాలు. వాటినీ సాఫ్ట్ చేస్తే ఉప్పు దండగ, మొక్కలకూ మంచిది కాదు.

పది అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు ఉన్న ఎఫ్‌ఆర్‌పీ (ఫైబర్) వెసెల్, అందులో 40 లీటర్ల రెసిన్ తీసుకున్నాను. లీటరు రెసిన్‌కు 150 గ్రాముల ఉప్పు వాడితే సుమారు 55 గ్రాముల కాఠిన్యం పడుతుంది. 100 గ్రాములే వాడితే 45 గ్రాములు. ఉప్పు సగం పెంచినా పని పావు వంతు కూడా పెరగడం లేదు, అందుకే నేను 100 గ్రాముల లెక్కకే ఉన్నాను. అంటే ఒక్కో రీజనరేషన్‌కు 4 కిలోల దొడ్డుప్పు, దానికి 2800 లీటర్ల సాఫ్ట్ నీళ్లు. లైన్‌లో వాటర్ మీటర్ పెట్టి 2500 దగ్గరే ఆపుతున్నాను.

అయస్కాంతాలు, పైపు చుట్టూ వైర్లు చుట్టే పరికరాలు కూడా చూపించారు. వాటితో నీళ్లలో క్యాల్షియం ఎక్కడికీ పోదు. వద్దన్నాను.

సంక్రాంతి తర్వాత: ఫిట్టింగ్

ప్లంబర్ వచ్చీ రాగానే, "పైన ట్యాంకు కిందనే పెట్టేద్దాం సార్, ఒక్క పూట పని" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పది మీటర్ల ఎత్తు ఉంటే ఒక బార్ ప్రెజర్ వస్తుంది. మా ట్యాంకు బాత్రూమ్ కుళాయికి నాలుగు మీటర్ల పైన ఉంది, అంటే 0.4 బార్. వాల్వ్‌లోని ఇంజెక్టర్ ఉప్పు నీళ్లను లాగాలంటే ఒకటిన్నర, రెండు బార్లు కావాలి. అందుకే సంపు మోటారు నుంచి పైకి పోయే లైనులో పెట్టించాను.

ఇప్పుడు సంపు మోటారు దగ్గర పైపు రెండుగా చీలే టీ జాయింటు పడింది. ఒక వైపు పాత ట్యాంకుకు బోరు నీళ్లు. రెండో వైపు ఇసుక పట్టే ఫిల్టర్, సాఫ్ట్‌నర్, అక్కడి నుంచి కొత్త వెయ్యి లీటర్ల ట్యాంకు. సాఫ్ట్‌నర్‌కు ముందూ వెనకా ప్రెజర్ గేజులు, రెండు వైపులా యూనియన్లు (విప్పి బిగించే జాయింట్లు). రేపు వెసెల్ విప్పాల్సి వస్తే పైపు కోసే పని ఉండదు.

40 లీటర్ల రెసిన్ గుండా నిమిషానికి 27 లీటర్లకు మించి పోకూడదు. మోటారు అంతకన్నా ఎక్కువ తోస్తోంది. కాబట్టి బైపాస్ పెట్టి మిగతావి సంపులోకే తిప్పాం. చూసుకోవడం సులువే: సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే పైపు కింద 20 లీటర్ల బకెట్ పెడితే అది 45 సెకన్లలోపు నిండకూడదు.

రెసిన్ పోయడానికి ముందు నడి పైపు నోటికి టేపు వేయాలి, వెసెల్‌లో సగం దాకా నీళ్లు పోయాలి. తేనె రంగులో, ఆవగింజ కన్నా చిన్న పూసలు అవి. నడి పైపులో పడితే వాల్వ్‌లోకి వెళ్లి ఇరుక్కుంటాయి. వెసెల్ నిండా కూడా పోయకూడదు, బ్యాక్‌వాష్ (కింది నుంచి నీళ్లు తోసి కడగడం) చేసేటప్పుడు రెసిన్ పైకి లేవడానికి ఖాళీ ఉండాలి.

వెసెల్, రెసిన్, వాల్వ్ కలిపి 22 వేలు అయింది. ట్యాంకు, పైపులు, కూలీ ఇంకో 14 వేలు.

ఫిబ్రవరి: నడుస్తున్న తీరు

నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపే టీడీఎస్ మీటర్ పెట్టి "తగ్గలేదే" అని టెన్షన్ పడొద్దు, తగ్గదు. క్యాల్షియం పోయిన చోట సోడియం చేరుతుంది, అంకె కొంచెం పెరిగినా పెరుగుతుంది. చూడాల్సింది కాఠిన్యం కిట్‌తో. చిన్న సీసాలో బోరు నీళ్లు పోసి, బఫర్ చుక్కలు, చిటికెడు ఇండికేటర్ వేస్తే ముదురు ఎరుపు తిరుగుతుంది. ఇంకో సీసాలోంచి ఒక్కొక్క చుక్కే వేస్తూ కలుపుతుంటే ఊదాలోకి జారి, ఒక్క చుక్కతో నీలమైపోతుంది. చుక్కల లెక్కే కాఠిన్యం. సాఫ్ట్ నీళ్లకు ఇండికేటర్ వేయగానే నీలం వచ్చింది. మా పాప చప్పట్లు కొట్టింది.

"ఎన్ని చెంబులు పోసుకున్నా సబ్బు పోతలేదురా" అంది అమ్మ. సాఫ్ట్ నీళ్లతో ఒళ్లు అలాగే జారుడుగా ఉంటుంది. సబ్బు తగ్గించాక అలవాటైంది. సర్ఫ్ సగం వేస్తే చాలుతోంది. గీజర్‌లోని పాత పొర మాత్రం దానంతటది పోదు, కాయిల్ విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి తీశాను.

మూడు నాలుగు రోజులకోసారి రీజనరేషన్: పది నిమిషాలు బ్యాక్‌వాష్, తర్వాత అరగంట పైన ఉప్పు నీళ్లు, చివర్లో వేగంగా కడగడం. మొత్తం మూడు వందల లీటర్ల పైచిలుకు నీళ్లు బయటికి పోతాయి. అవి ఉప్పు నీళ్లు, ఇంకుడు గుంతలోకి అసలు వదలొద్దు, మన బోరులోకే దిగుతాయి. మాది మురుగు కాలువకు వెళ్లింది. ఉప్పు మట్టి లేనిది చూసుకోవాలి, లేకపోతే డబ్బా అడుగున బురద చేరి ఇంజెక్టర్ మూసుకుపోతుంది.

మార్చిలోపు వెసెల్ మీద రేకుల నీడ వేయించాలి, మన ఎండకు పైపులు మెత్తబడతాయి. మే నెలలో బోరు నీళ్లు దిగాక ఒకసారి, వానలు పడ్డాక ఇంకోసారి కాఠిన్యం కొలిచి, 2500 అనే ఆ అంకెను దాన్నిబట్టి మారుస్తాను.