మా విచారణ చరిత్ర కోసం రిజిస్టర్ల వెంట

బరంపురంలో మా కథోలిక దేవాలయానికీ, దాని ఆవరణలోని బడికీ చరిత్ర రాసిపెట్టమని విచారణ (ఒక గుడి పరిధిలోని కథోలిక సమాజం) గురువులు అడిగినప్పుడు, ఆ బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన నాకు అది నెల రోజుల పని అనిపించింది. చివరికి పదకొండు నెలలు పట్టింది.

ముందుగా జ్ఞానస్నానాల పుస్తకం తెరిచాను. బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు (జ్ఞానస్నానంలో బిడ్డకు అండగా నిలిచే పెద్దలు), జ్ఞానస్నానమిచ్చిన గురువు ఒకే వరుసలో కనిపిస్తారు. ఆ బిడ్డకు తరువాత ఏ ఊళ్లో పెళ్లయినా ఆ సంగతి తిరిగి ఈ పుటకే చేరి అంచున నమోదు కావాలన్నది శ్రీసభ (కథోలిక సంఘం) నియమం. పాత పుటలు లాటిన్‌లో ఉన్నాయి. ‘ఫిలియా’ అంటే కూతురని తెలుసుకున్నాక చదవడం సులువైంది కానీ, అప్పలనర్సమ్మ అన్న ఒక్క పేరే రోమన్ లిపిలో మూడు చోట్ల మూడు విధాలుగా ఉండడంతో, ఆమె ఒక్కతేనా ముగ్గురా అని తేల్చడానికి వారం గడిచింది.

1929 తరువాత కొన్నేళ్ల పుటలు చెదల పాలయ్యాయి. వాటి గురించి ఒక కార్యాలయంలో అడిగితే, పోయినవి పోయినట్టేనన్నారు. ఆ మాట నమ్మి రెండు నెలలు పని ఆపేశాను. అది తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ తరువాత, శ్రీసభ చట్టం చదివిన ఒక వృద్ధ గురువు అసలు సంగతి చెప్పారు. 1917 నాటి చట్టం ప్రకారం ప్రతి విచారణా తన పుస్తకాల నకలును ఏటా చివర మేత్రాసన (బిషప్పు అధికార పరిధి) కార్యాలయానికి పంపాలి.

అయితే ఏ మేత్రాసనానికి? మా బరంపురం ఉన్న గంజాం జిల్లా మొదట విశాఖపట్నం మేత్రాసనంలో ఉండేది. 1928లో కటక్ మిషన్ ఏర్పడి, 1937లో మేత్రాసనమైంది. మా బరంపురం మేత్రాసనం 1974లో వచ్చింది. జిల్లా మాత్రం 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే కొనసాగింది. అంటే 1928 నుంచి ఆ ఎనిమిదేళ్లూ గుడి కటక్‌ది, బడిని చూసే విద్యాశాఖ మద్రాసుది. ఒకే ఆవరణలోని కాగితాలు రెండు దిక్కులకు వెళ్లాయన్నమాట. ఇది తెలియకుండా ఈ ప్రాంతంలో ఏ విచారణ చరిత్రా రాయలేమని నా అభిప్రాయం.

కటక్ మేత్రాసన కార్యాలయం ఇప్పుడు భువనేశ్వర్‌లో ఉంది గనుక, విచారణ ముద్ర వేసిన ఉత్తరంతో అక్కడికి వెళ్లాను. కటక్ నాటి పాత నకళ్లు అక్కడ దొరికాయి. ఫోటోలు తీయనివ్వలేదు గనుక రెండు రోజులు కూర్చుని పెన్సిలుతో ఎత్తి రాసుకున్నాను. ఆ కాగితాల్లో నలభైకి పైగా బిడ్డలకు జ్ఞాన తండ్రిగా ఒకే ఉపదేశి (గురువుకు తోడుగా మతబోధ చేసే వ్యక్తి) పేరు కనిపించింది. ఇంటికి వచ్చి బడి పాత హాజరు పుస్తకం తీసి చూస్తే, ఒకటో తరగతి పంతులుగా సంతకం చేసినదీ ఆయనే. వాలుగా సాగిన తెలుగు అక్షరాలు, కింద చిన్న సిలువ గుర్తు. గురువులు మారుతూ వచ్చారు, ఆయన మాత్రం పందొమ్మిదేళ్లు ఇక్కడే ఉన్నారు. చరిత్ర మొదటి పుటలో ఆయన పేరే రాశాను.