వెన్న ఆరగించి వేటకు

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రోజు బండి కట్టకూడదు, ఎద్దు మెడ మీద కాడి పెట్టకూడదు, పొలిమేర దాటకూడదు. మా అవ్వ ఈ మాటను ఎంత గట్టిగా పట్టుకునేదంటే, పండగకు వచ్చిన అల్లుళ్లు ఎంత తొందరపడినా మర్నాటిదాకా ప్రయాణం సాగనిచ్చేది కాదు. అటువంటి రోజున స్వామి గుడి విడిచి బయలుదేరతాడు. అదీ వేటకు.

తిరుమలలో దీన్ని పార్వేట అంటారు. శ్రీవారి ఉత్సవమూర్తి మలయప్పస్వామి పంచాయుధాలు ధరించి, శ్రీకృష్ణస్వామి తోడుగా పార్వేట మండపానికి వేంచేస్తారు. అక్కడ ముందు జరిగేది వేట కాదు. గుడి సేవలో తరతరాలుగా ఉన్న యాదవుడు, సన్నిధి గొల్ల, పూజ చేసిన చోటికి కృష్ణస్వామిని తీసుకువెళ్లి పాలు, వెన్న నివేదిస్తారు. ఆ పాలూ వెన్నా తరువాత మలయప్పస్వామికి ఆరగింపవుతాయి. అప్పుడు స్వామి తరఫున అర్చకులు ముందుకు పరుగెత్తి వెండి బల్లెం విసురుతారు. మూడుసార్లు. ఏ ప్రాణీ నేలకూలదు.

వనస్థలిపురంలోని మా ఇంట్లో ఏటా కనుమ నాడు టీవీలో ఈ ఉత్సవం చూస్తాను. బల్లెం గాలిలోకి లేచినప్పుడల్లా మా తాత గుర్తుకొస్తాడు.

మాది ఆళ్లగడ్డ వైపు పల్లె. నల్లరేగడి చేలు, జొన్న, శనగ. కంకులు గింజ పట్టే రోజుల్లో తాత మంచె మీదే పడుకునేవాడు. అడవి పందులు ఒక్క రాత్రి దిగితే చేను మొత్తం తొక్కి పోయేవి. ఆయన పక్కన బల్లెం, కాళ్ల దగ్గర కుక్క. అవ్వ కట్టిచ్చిన సద్దిలో జొన్నరొట్టె మీద వెన్నముద్ద ఉండేది. అది తినకుండా బల్లెం ముట్టేవాడు కాదు. తాత వయసులో ఉన్నప్పుడు కనుమ మధ్యాహ్నం ఊరి మగవాళ్లంతా కలిసి కుందేళ్ల వేటకు వెళ్లేవారట. నాకు ఊహ తెలిసేసరికి ఆ వేటలు ఆగిపోయాయి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చిందని ఆయనకు ఎవరో చదివి చెప్పారు. మారుమాట లేకుండా వలలు అటక మీద పెట్టేశాడు. పిల్లలున్న జంతువు మీదికి చెయ్యి ఎత్తకూడదని అంతకుముందే ఇంట్లో కట్టుబాటు ఉండేది.

వేట ఆగినా వేటగాడి రాక ఆగలేదు. కనుమతో అహోబిలంలో పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి ఉత్సవమూర్తులైన జ్వాలానరసింహుడు, ప్రహ్లాదవరదుడు ఒకే పల్లకిలో కొండ కింది పల్లెలకు వస్తారు. ముప్పైకి పైగా ఊళ్లు, నలభైకి పైగా రోజులు. చెంచులక్ష్మిని చేసుకున్న స్వామి తన కల్యాణానికి అత్తవారిని తానే స్వయంగా పిలవడానికి వస్తాడని మా వైపు నమ్మకం. చెంచులు పల్లకి వైపు బాణాలు వేసి స్వాగతం చెబుతారు. తమ ఇంటి అల్లుడికి, అడవి తెలిసిన వేటగాడికి ఇంతకంటే తగిన మర్యాద ఏముంటుంది!

పల్లకి మా ఊరికి వచ్చిన రాత్రి తాత తలపాగా తీసి, కొత్త శనగలు దోసిట పట్టి నిలబడేవాడు. "అడవి నీది, చేను నీది. కాపలా ఒక్కటే మాది" అనేవాడు. చిన్నప్పుడు నాకు ఆ మాట అర్థం కాలేదు. వేటగాడంటే చంపేవాడనే అనుకునేదాన్ని. కాపు కాసేవాడు కూడా వేటగాడేనని, స్వామి చేతి బల్లెం అటువంటిదేనని ఇప్పుడు అనిపిస్తోంది. నలభై రోజులు ఊరూరూ తిరిగేవాడు తన పొలం గట్లు చూసుకునే రైతు కాక మరెవరు?

మా ఇంటికి దగ్గర్లోనే హరిణ వనస్థలి ఉంది. ఒకప్పుడు నిజాం వేట మైదానం. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు భయం లేకుండా మేస్తున్నాయి, పక్కనే విజయవాడ రహదారి మీద సంక్రాంతికి ఊళ్లకు పోయే బండ్లు బారులు తీరుతుంటాయి. మొన్న మనవణ్ణి తీసుకెళ్లాను. మెలితిరిగిన కొమ్ముల మగజింక ఒకటి తల ఎత్తి మా వైపు చూసింది. వాడు ఊపిరి బిగబట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. మంచె మీద తాత పక్కన నేను కూర్చున్న తీరు అచ్చం అదే.

పొలం అన్నదమ్ముల పంపకాల్లో పోయింది. బల్లెం మాత్రం నా వాటాకు వచ్చింది. దాని కర్ర తాత అరచేతుల రాపిడికి ఇంకా నున్నగా ఉంది. ఈ కనుమ నాడు మినపగారెలు వండి, బల్లేనికి పసుపు రాసి బొట్టు పెట్టాను. మనవడు ఫ్రిజ్ తలుపు తీసి, నేను చెప్పకుండానే వెన్నగిన్నె తెచ్చి దాని ముందు పెట్టాడు.